విద్యాభయమును బాపిన బ్రౌనుదొర చరిత్రము



విద్య మంచిదని యొప్పుకొననివాఁడు మన పల్లెలలో నొక్కఁడును గానరాఁడు. దాని మహిమను గొనియాడు పద్యములు చదువురానివారికిని నోటికి వచ్చును. ఐనను మంచిదని యొప్పుకొనుచునే దాని చెంతకుఁ జేరుటకు జంకువారు నేఁటికిని బెక్కురు గలరు. చిరకాలము బడిపంతులనై యుండి తల్లిదండ్రుల నోట నేను వినిన మాటలన్నియు విచారించి చూడఁగా, ఆ జంకునకు మూలములైన యపోహలు నాలుగు మాత్రమే యని తోఁచినది.

మొదటిది, చదువు కొన్ని వంశములవారికే యబ్బును గాని యందఱి కబ్బదనుట. రెండవది, పసితనము గడచినపిదప నేర్చుకొనుట యసాధ్యమనుట. మూఁడవది, చదువనఁగా వల్లించుటయే యనియు, అర్థము నడుగుట మనబోఁటివారికిఁ దగదనియుఁ దలంచుట. నాలుగవది, చదివినవాఁడు మడక పట్టుటకును మగ్గమున గూర్చుండుటకును బనికిరాక చెడిపోవుననుట. ఈ నాలుగింటికిని యుక్తులతో సమాధానము చెప్పవచ్చును. కాని యుక్తికంటె దృష్టాంతము బలవత్తరము. ఈ నాలుగపోహలకును తన జీవితముచేతనే ప్రత్యుత్తర మొసంగిన మహనీయుఁ డొకఁడు మన కడపజిల్లాతో సంబంధము గలవాఁడు కలఁడు. ఆతఁడే చార్లెసు ఫిలిప్పు బ్రౌను. మన పెద్దలు బ్రౌనుదొర యని పిలుచుచుండిరి.

కులసభాసంచికలో నొక యింగ్లీషువాని చరిత్ర మేల యని కొంద ఱడుగవచ్చును. మన కులమునఁ బుట్టిన పెద్దల చరిత్రములు వేఱుపుటలలో నున్నవి. అవి మనకు గర్వకారణములు. ఈ చరిత్రము గర్వముకొఱకుఁ గాదు, ధైర్యముకొఱకు. పరాయిదేశమువాఁడు, పరాయిభాషవాఁడు, ఈ నేలతో రక్తసంబంధ మిసుమంతయు లేనివాఁడు, మన భాషను నేర్చి మనకే నిఘంటువును గట్టియిచ్చెననఁగా, చదువు పుట్టువునుబట్టి వచ్చునది కాదని యింతకంటె వేఱు సాక్ష్య మక్కఱలేదు.

మన పెద్దముడియముసీమకు విద్యాదానసంప్రదాయము క్రొత్త కాదు. తూర్పుచాళుక్యుల శాసనములలో నొక యైతిహ్యము గలదు. యుద్ధమున భర్తను గోలుపోయిన గర్భవతియగు రాణి యొకతె ముడివేమను నగ్రహారమునకు వచ్చి చేరఁగా, విష్ణుభట్టసోమయాజి యను బ్రాహ్మణుఁ డామెను గూఁతువలెఁ గాపాడి, పుట్టిన బాలునకుఁ దగిన సంస్కారములు గావించి పెద్దవానిఁ జేసెననియు, ఆ బాలుఁడే విష్ణువర్ధనుఁ డయ్యెననియు నందుఁ జెప్పఁబడినది. కుందూనదీతీరమందలి మన పెద్దముడియమే యా ముడివేమని చరిత్రకారులు గుర్తించిరి. ఇది యైతిహ్యమే కావచ్చును. ఐనను తండ్రిలేని బిడ్డను జేరఁదీసి విద్యాసంస్కారము లొసంగి నిలుపుట మహాధర్మమని మన గ్రామనామమే చాటుచున్నది. ఇఁక నా తండ్రిలేని బాలుని కథను విడిచి, మఱియొక తండ్రిలేని బాలుని కథకు వత్తము.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తానగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవమతాచార్యుఁడు. ఫోర్టు విలియము కళాశాలలో నధికారియై, ప్రాచ్యభాషలయందు మిక్కిలి మక్కువ గలవాఁడు. కుమారులకు బాల్యముననే పలుభాషల పరిచయము గలిగించెను. 1812లో నాయన కాలధర్మము నొందెను. అప్పటికి బ్రౌనునకుఁ బదునాలుగేండ్లైన నిండలేదు. కుటుంబ మింగ్లండునకు మరలెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో తూర్పుఇండియా కుంపిణీ యుద్యోగమునకు వలయు శిక్షణము నొంది, 1817లో బ్రౌను చెన్నపట్టణమునకు వచ్చి చేరెను.

అప్పటి కాతనికి పదునెనిమిదేండ్లు నిండియున్నవి. కుంపిణీవారి యుద్యోగమున నిలువవలయునన్న దేశభాషలలోఁ బరీక్ష నిచ్చి తీఱవలయును. ఆ పని కొఱకే 1812లో సెంటు జార్జి కోటయందుఁ గళాశాల యేర్పడియుండెను. అక్కడ వెలగపూడి కోదండరామపంతులు బ్రౌనునకుఁ దెలుఁగు నేర్పిరి. మన యింటి బిడ్డ డింగ్లీషు మొదటి వాచకము చేతఁ బట్టి యెట్లు దిగులుపడునో, నాఁడు తెలుఁగక్షరముల ముందు గూర్చుండిన యింగ్లీషుపిల్లవాని స్థితియు నట్టిదియే. గుణింతములా వేఱు, ఒత్తులా వేఱు, వాక్యమునఁ గ్రియ చివర వచ్చును, వ్రాఁతలోని మాట యొకటి, వాడుకలోని మాట మఱియొకటి. తెలుఁగునకు క్యాంబెలుదొర వ్రాసిన వ్యాకరణ మొకటి 1816లో నచ్చయి యుండెను గాని, తడుముకొనక నేర్చుటకుఁ దగిన సులభసాధనములు మిక్కిలి తక్కువ. ఐనను 1820లో బ్రౌను పరీక్షలో నుత్తీర్ణుఁ డయ్యెను. ఆ సంవత్సరమే సర్ తామస్ మన్రో చెన్నపురి గవర్నరుగా వచ్చెను. దత్తమండలములను 1800 మొదలు 1807 వఱకుఁ బాలించి, రైతుల భాష రైతుల నోటనే వినిన మన్రో, దేశభాష తెలియని యధికారి ప్రజలకు న్యాయము చేయఁజాలఁడని దృఢముగా నమ్మినవాఁడు. ఆ నమ్మకము యువకుఁడగు బ్రౌనునకును బట్టుపడెను.

1820లోనే బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుఁడుగా నియమింపఁబడెను. పరీక్షలో గెలిచివచ్చిన యాతనికిఁ గచ్చేరిలో మొదటిదినములయందే యొక సత్యము గోచరించెను. పుస్తకముతెలుఁగు వేఱు, రైతు చెప్పుకొను మొఱలోని తెలుఁగు వేఱు. కలెక్టరు హాన్‌బరీ జనులతోఁ దెలుఁగున ధారాళముగా సంభాషించుచుండెను. పరీక్ష ముగిసినదికదా యని బ్రౌను చదువు చాలింపలేదు. ఇంతకు మున్ను గురువునొద్ద నేర్చినది పునాది యనియు, ఇఁక జనులనొద్ద నేర్వవలసినది గోడలనియు నెంచి, మరల మొదటినుండి నేర్చుకొనఁ దొడఁగెను. పట్టా పుచ్చుకొనఁగనే చదువు ముగిసినదని తలంచు మన విద్యావంతు లిది గమనింపఁదగును.

తాను నేర్చుకొనుచు నితరులకు నేర్పింపవలయునను కోరికయు నాతనికిఁ గడపలోనే కలిగెను. 1821లో నాతఁడు కడపపట్టణమున రెండు ధర్మపాఠశాలలు నెలకొల్పెను. వానియందు బాలురు జీతము లేకయే చదువుచుండిరి. ఉపాధ్యాయుల వేతనములు దొర తన సంపాదనము నుండి యిచ్చుచుండెను. ఇరువదిమూఁడేండ్ల వయస్సున, చిన్నయుద్యోగములో నున్నవాఁడు, తన్ను నియమించినవా రాజ్ఞాపింపని ధర్మమును నెత్తిపైఁ బెట్టుకొనెను. తరువాత మచిలీపట్టణమునకు మాఱినపుడు నట్లే పాఠశాలలు స్థాపించెను.

ఆ కాలమున మన సీమలో విద్య యెట్లుండెనో యించుక తెలిసికొందము. 1822లో మన్రో రాజధాని యంతటను బడుల లెక్కలు దీయ నాజ్ఞాపించెను. వచ్చిన లెక్కలను బట్టి 1826 మార్చి 10వ తేదీని నాతఁడు వ్రాసిన నివేదికలో బడులు 12,498, చదువరులు 1,88,650, అందుఁ బాలికలు 4,540 మాత్రమే. అనఁగా నలువదియొక్కమంది చదువరులలో నొక్క బాలిక గూడ సరిగా లేదు. ఇండ్లలోఁ జదువుకొనువా రీ లెక్కలోఁ జేరలేదని మన్రోయే తెలిపెను. ఐనను బడికిఁ బోవు నీడుగల మగపిల్లలలో నాలుగవవంతునకుఁ గొంచెము మించి మాత్రమే బడికిఁ బోవుచుండిరని స్పష్టమయ్యెను.

మనకుఁ బొరుగుననున్న బళ్లారిజిల్లా నుండి 1823లో కలెక్టరు క్యాంబెలు పంపిన నివేదిక మఱియు విచారింపఁదగినది. వెనుకఁ జెప్పిన వ్యాకరణకర్త యీతఁడే. పదిలక్షలకుఁ జేరువయగు జనులలో నేడువేలమందియైన బడిలో లేరని యాతఁడు వ్రాసెను. బాలురు ముందుగా నిసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుదురనియు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకుఁ జెప్పుట యను మంచి పద్ధతి కలదనియు మెచ్చుకొనెను. కాని పిల్లలు వల్లించు పద్యములకు నర్థము వారికిఁ గాని, పెక్కుచోట్ల గురువునకుఁ గాని తెలియదనియు, చదువు చిలుకపలుకు లగుచున్నదనియు విచారించెను. బడులు క్షీణించుటకుఁ గారణమేమన, ప్రజల బీదతనమే యని నిష్పక్షపాతముగాఁ జెప్పెను. సీమబట్టలు వచ్చి మగ్గములవారి జీవనమును దెబ్బతీసిన వైన మందుఁ బేర్కొనఁబడినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నేఁతవారి బిడ్డల కిది క్రొత్తకథ గాదు.

ఈ లెక్కలలోనే మన మొదటి యపోహకు సమాధానము గలదు. ఆ బళ్లారిబడులలోఁ జదివిన బాలురలో బ్రాహ్మణులకంటె నితరవర్ణములవారే హెచ్చు. కావున పూర్వకాలమునఁ జదువంతయు నొకవర్ణమువారి సొత్తుగా నుండెననుట సత్యము గాదు. చదువు మనకుఁ బూర్వము లేనిది కాదు, బీదతనముచేతఁ జేజాఱినది. లేనిదానిని దెచ్చుకొనుటకు భయపడవచ్చును గాని, జాఱిపోయినదానిని మరలఁ దీసికొనుటకు భయ మేల? ఉన్నతవిద్య యందును శాస్త్రాధ్యయనమందును గొందఱికి ద్వారములు మూయఁబడియుండుట నిజమే. కొన్ని కులముల బిడ్డలను వీథిబడి యరుఁగుమీఁదికిఁ గూడ రానీయకుండుటయు నిజమే. సంస్కృతము చదువుకొన్నవాఁడ నగుటచే నీమాట నేను దాఁచి చెప్పుట ధర్మము గాదు. కాని మూయఁబడిన ద్వారమును జూచి, లోపలఁ బ్రవేశించు శక్తియే మనకు లేదనుకొనుట వేఱొక తప్పు. గోపవరమువాసిని యని మన సీమవారు చెప్పుకొను కుమ్మరమొల్ల రామాయణమును వ్రాయలేదా?

ఇఁక బ్రౌనుకడకు వత్తము. 1824లో నాతఁడు మచిలీపట్టణమున నుండఁగా, ఫ్రెంచిమతాచార్యుఁడగు దుబాయి హిందువుల యాచారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన పేరు చదివెను. అంతట వేమనపద్యములు వెదకించెను. పామరుల నోట నాడు పద్యములకు గౌరవ మేమని నాఁటి పండితులు పెక్కురు చప్పరించిరి. దొర మాత్రము తాళపత్రప్రతులను బెక్కింటిని దెప్పించి, పాఠములు సరిచూచి, 1829లో 693 పద్యముల నాంగ్లానువాదముతో నచ్చువేయించెను. పిదప 1839లో 1,164 పద్యములతో మరల వెలువరించెను. ఇందొక విశేషము గలదు. క్రొత్తగాఁ దెలుఁగు నేర్చువానికిఁ బ్రౌఢప్రబంధము కొండవలె నడ్డుపడును. వేమన్న పద్యము మెట్టువలె నందివచ్చును. మెట్టును దిరస్కరించువాఁడు కొండ యెక్కఁజాలఁడని బ్రౌను గ్రహించెను. సులభమైనదానితో మొదలుపెట్టుట చిన్నతనము గాదు.

అట్లని కఠినమైనదానిని విడిచిపెట్టనులేదు. ఛందస్సనఁగా నేఁటి విద్యార్థులకే గుండె దడదడలాడును. బ్రౌను గణములను, యతిప్రాసలను బట్టికలుగా విడఁదీసి నేర్చి, 1827లోనే తెలుఁగు సంస్కృత ఛందస్సులను గూర్చి యింగ్లీషున గ్రంథము ప్రకటించెను. తాను నేర్చునపుడు పడిన కష్టము తరువాతివాఁడు పడరాదను తలంపే యాతని గ్రంథముల కన్నింటికిని బ్రాణము. కష్టపడి నేర్చినవారిలో రెండువిధములవారు గలరు. నేను పడినపాట్లు నీవును బడుమనువాఁ డొకఁడు. నేను పడితిని గాన నీవు పడనక్కఱలేదనువాఁడు వేఱొకఁడు. బ్రౌను రెండవతెగవాఁడు.

1826 ప్రాంతమున మరలఁ గడపకు వచ్చినపుడు తోఁటతోఁ గూడిన యొక బంగళాను గొనెను. అదియే జనులచే బ్రౌనుకళాశాల యని పేరొందినది. అందు పండితులును లేఖకులును గూర్చుండి తాళపత్రగ్రంథములకుఁ గాగితములపై నకళ్లు వ్రాయుచుండిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి యా పనులనెల్లఁ బర్యవేక్షించుచుండెను. జూలూరి అప్పయ్య, వఠ్యము అద్వైతబ్రహ్మశాస్త్రి మున్నగు విద్వాంసులు వేఱువేఱుకాలముల నాతనికిఁ దోడ్పడిరి. వారి జీతములన్నియు దొరవే. ఒక గ్రంథమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కనుంచి పోల్చి, లేఖకదోషములను దీసివైచి, శుద్ధప్రతి వ్రాయించి, పద్యములకుఁ బట్టికలు గట్టించి, కఠినగ్రంథములకు టీకలు వ్రాయించుట యచ్చటి పద్ధతి. బొబ్బిలికథవంటి జానపదగాథలను సయితము సేకరింపించెను.

మూఁడవ యపోహకు సమాధాన మిచ్చటనే కలదు. అర్థము విప్పి చెప్పినచోఁ గావ్యగౌరవము తగ్గునని తలంచు పండితులు నాఁడు గలరు, నేఁడును లేకపోలేదు. గురువు నడుగుట యవిధేయత యని పిల్లవానికిఁ దోఁచునట్లు చేసినవారమును మనమే. బ్రౌను ప్రతిపదమునకు నర్థ మడిగెను. పండితుఁడు చెప్పినది తృప్తి గొలుపకున్న మఱియొక పండితు నడిగెను. ఇద్దఱును భిన్నముగాఁ జెప్పినచో నిరువురి మాటలను వ్రాసికొనెను. పెద్దనార్యుని మనుచరిత్రము జూలూరి అప్పయ్య టీకతో 1851లో వెలువడుట యీ యడుగుటకు ఫలము. టీకచేతఁ బెద్దన గౌరవ మేమియుఁ దగ్గలేదు. చదువరుల సంఖ్య మాత్రము పెరిగెను. అర్థము తెలియక నకలు వ్రాసినవాఁడు తప్పులు పెంచును. అర్థము తెలిసి చదివినవాఁడు గ్రంథమును గాపాడును.

మహాకార్యములు సుఖముగా సాగవు. గ్రంథసేకరణమునకును పండితుల జీతములకును జేసిన వ్యయముచే బ్రౌను ఋణగ్రస్తుఁ డయ్యెను. 1832, 1833 సంవత్సరముల గుంటూరుసీమను గఱవు గాల్చినపుడు నచ్చట నధికారిగా నుండి ప్రజల దుర్దశను గన్నులారఁ జూచెను. 1834లో నుద్యోగము గోలుపోయి యింగ్లండునకు వెడలెను. ముప్పదియైదేండ్ల వయస్సున నుద్యోగ మూడి, యప్పులతోఁ దిరిగిపోవువాఁడు తెలుఁగును మఱచిపోయెనన్న నెవ్వరును దప్పుపట్టరు. కాని లండనులో నాతఁ డేమి చేసెను? కుంపిణీవారి పుస్తకశాలలో నెవరికిని బట్టక పడియున్న దక్షిణదేశపు వ్రాఁతప్రతులను గుర్తించి, వానిని జెన్నపట్టణమునకుఁ బంపునట్లు ప్రయత్నించి కృతకృత్యుఁ డయ్యెను. 1837లో మరలఁ గుంపిణీకొలువులో భాషాంతరీకర్తగాఁ జెన్నపురికి వచ్చి, క్రమముగా తపాలాశాఖకు నధిపతియుఁ గళాశాలాసంఘమున సభ్యుఁడును నయ్యెను.

ఈ రెండవసారి వచ్చిన పిదపనే యాతని మహాగ్రంథములు వెలువడెను. 1840లో వ్యాకరణము, 1852లో తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువు, ఆ కాలముననే యింగ్లీషు-తెలుఁగు నిఘంటువును, కచ్చేరీమాటలకై జిల్లా నిఘంటువును, 1854లో నన్యదేశ్యములు గలసిన మిశ్రభాషకు వేఱొక నిఘంటువును. ప్రధాననిఘంటువు ముగియునాఁటికి వయస్సు ఏఁబదినాలుగేండ్లకుఁ జేరువయ్యెను. పదునెనిమిదవయేఁట నక్షరములు మొదలుపెట్టి, ముప్పదిమూఁడేండ్లకుఁ బైగాఁ జదువు మానక, యేఁబదులు దాఁటినపిదప భాషకే నిఘంటువు ముగించినవాని ముందు, నలువదేండ్లు వచ్చినవి, మాకిఁకఁ జదువేమి వచ్చునను మాట నిలుచునా? రెండవ యపోహ యిట్లు తీఱినది.

నాలుగవదానికి సమాధానము నిఘంటువుల పుటలలోనే యున్నది. కావ్యములలోని మాటలు మాత్రమే మాటలని బ్రౌను తలంపలేదు. రైతు, బేరగాఁడు, కరణము, కచ్చేరీగుమాస్తా వాడుమాటలు సయితము కవిప్రయోగముల సరస నాతని నిఘంటువునఁ జోటు గొన్నవి. అనఁగా పనిపాటలవాని నోటిలో భాష సజీవముగా నున్నదని విద్వాంసుఁ డొప్పుకొని, యాతని ముందు విద్యార్థియై నిలిచినాఁడు. పనికిని జదువునకును విరోధము లేదని యిందువలన స్పష్టము. జిల్లా నిఘంటువుసంగతి మఱియు విచారింపుఁడు. మన సీమలో మన్రోకాలమున రైతువారీ పద్ధతి నాటుకొన్న నాఁటినుండి ప్రతిరైతును సర్కారుతో నేరుగా లెక్క చూచుకొనవలసినవాఁ డయ్యెను. పట్టా, జమాబందీ, తకావీ, రసీదు మొదలగు మాటల యర్థము తెలిసినవాఁ డెదుటివాని యెదుట నిలువఁగలఁడు. తెలియనివాఁడు వ్రేలిముద్ర వేసి, యేమి వ్రాసియున్నదో పొరుగువాని నడుగవలసినదే. చదువు చేనును జెఱుచునని వెఱచి చదువు మానిన యిండ్లలో, చదువు లేకయే చేను పోయిన యిండ్లెన్ని గలవో మీరే లెక్కింపుఁడు.

1855లో బ్రౌను కొలువు విడిచి స్వదేశమునకు మరలెను. ఆ యేఁడే సామాన్యులు చెప్పుకొను వాడుకభాషలో తాతాచారి కథలను వెలువరించెను. తాను గూర్చిన రెండువేలకు మించిన గ్రంథముల నంతకు మున్నే చెన్నపట్టణమందలి విద్వత్సంఘమున కప్పగించియుండెను. పిదప నవి ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమునకుఁ జేరి నేఁటికిని బరిశోధకులకు నిధిగా నున్నవి. లండనున 1865లో విశ్వవిద్యాలయమునఁ దెలుఁగునకు నాచార్యుఁ డయ్యెను. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీని లండనులోనే తనువు చాలించెను. కడపలోని బంగళా కాలక్రమమున శిథిలమైపోయెను. శ్రీ జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి దీక్షవలన నా స్థలమున బ్రౌనుపేర గ్రంథాలయము లేచినది. ఇప్పుడది యోగివేమన విశ్వవిద్యాలయమునకుఁ జెందిన భాషాపరిశోధనకేంద్రము. పెద్దముడియమునుండి యొకపూఁటలోఁ బోయి చూచి రాఁదగిన చోటు.

గుణములను జెప్పి దోషములను దాఁచుట చరిత్ర గాదు. బ్రౌను పరప్రభుత్వపు కొలువుకాఁడు. ఆతఁ డెక్కిన కుర్చీ మన పరాధీనతకుఁ జిహ్నము. ప్రాచీనగ్రంథముల పాఠములను నిర్ణయించునపుడు కొన్నియెడల లాక్షణికుల మాటకంటె స్వబుద్ధికే ప్రాధాన్య మిచ్చెనని విమర్శకు లందురు. అరసున్నయు బండిఱయు ననవసరములని యాతఁడు త్రోసివైచెను. ఈ వ్యాసకర్త మాత్రము వానిని విడువఁజాలకున్నాఁడు. ఈ భేదము లెన్ని యున్నను, మన భాషకుఁ జేసిన సేవను మఱచుట కృతఘ్నత. ఆ సేవ యొంటరిగాఁ జేసినది కాదు. కడపలోఁ దాటాకులు పట్టుకొని కూర్చుండిన మన పండితులు, లేఖకులు, మేనేజర్లు లేకున్న బ్రౌను లేఁడు. ఆతఁడు వారికి జీత మిచ్చెను, వారాతనికి విద్య నిచ్చిరి.

కులబాంధవులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి? భయము విద్యలో లేదు, విద్యకు ముందరి గడపలో నున్నది. గడప దాఁటినవాఁడు వెనుదిరిగి చూచి నవ్వుకొనును. నేఁ డుచితనిర్బంధవిద్య బాలుర హక్కని 2009లో శాసనమయ్యెను. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులో నున్నది. ఊరూర బడి యున్నది. మన్రోనాఁటి కొఱత యది గాదు. ఇప్పటి కొఱత యెచ్చట? పదవతరగతి దాఁటఁగనే బాలికను మాన్పించుచోట. ఇంగ్లీషు రాదని పిల్లవాఁడు తనంత దానే వెనుకబెంచీకిఁ బోవుచోట. తప్పు చెప్పినచో నవ్వుదురని నోరు విప్పకుండుచోట. తెలుఁగులోఁ దప్పులు మాటలాడుచునే తెలుఁగు నేర్చిన దొర కథ యా పిల్లవానికిఁ జెప్పుఁడు. ఆంగ్లము పులి గాదు. దానిని మాటలాడువాఁడును మన భాష ముందర నొకనాఁడు మనవలెనే తడఁబడెనని తెలిసికొన్న భయము సగము తీఱును.

బాలికల విషయమున నింకొక మాట. 1826నాఁటి లెక్కలో 1,88,650 మందికి 4,540 మంది బాలికలు. నాఁటి తాతలు చదివిన యాఁడుబిడ్డ సంసారమునకు నిలువదనిరి. నేఁడు మన యిండ్లలోనే చదివిన కోడండ్లు ఇంటిలెక్కలు చూచుచు, పిల్లల చదువులు దిద్దుచు, అత్తమామలకు వైద్యుని చీటి చదివి మందు లిచ్చుచు నున్నారు. సంసార మెక్కడను గూలలేదు. కనులముందరి సాక్ష్యమును విడిచి, వినికిడిమాటను నమ్ముట వివేకము గాదు.

పోషకమహాశయులకు నా మనవి. క్యాంబెలు చెప్పినట్లు బడులను జెఱిచినది బీదతనము. తల్లిదండ్రులను వెనుకకు లాగునది భయము. ఈ రెండును జంటయెడ్లు. భయమును బాపుట తల్లిదండ్రుల పని, ఉపాధ్యాయుల పని. బీదతనమును బాపుట మీ పని. ఇరువదిమూఁడేండ్ల యువకుఁడు తన జీతమునుండి రెండుబడులు నడపెను. మన సంఘమునఁ గలిగిన యిండ్లు పెక్కు గలవు. ఇల్లొక్కటి యొక్క బిడ్డ చదువు మోసిన, ముఖ్యముగాఁ దండ్రిలేని బిడ్డలను, కళాశాలకుఁ బోఁదలఁచిన బాలికలను జేరఁదీసిన, ముడివేమునాఁటి ధర్మము మన కాలమున నిలుచును. మఱియొక చిన్నకోరిక. ఈ సభకు వచ్చినవారు మరలునపుడు బిడ్డల కాటవస్తువులతోఁ బాటు నిఘంటువొకటి కొనిపొండు. బ్రౌను నిఘంటువు నేఁటికిని బునర్ముద్రణములు పొందుచునే యున్నది. చేతిలోని ఫోనునందు సయితము వెదకికొనవచ్చును. తెలియనిమాట యెదురైనపుడు సిగ్గుపడక పుట త్రిప్పి చూచుట బిడ్డ కలవాటైన, మిగిలిన చదువు దానంత నదియే వచ్చును.

సర్వేశ్వరుఁడు మన సంఘమునకు విద్యాధైర్యమును, పోషకులకు దానశ్రద్ధను, బాలబాలికలకు దీర్ఘాయువును బ్రసాదించుఁగాక!